పొట్టేళ్లకు రెవ్-1 కంటి చుక్కల టీకా: మంచిదే, కానీ అన్ని మందలకూ కాదు

పొట్టేలు పుష్టిగానే ఉంటుంది, హుషారుగా దాటుతుంది కూడా, అయినా గొర్రెలకు చూలు నిలవదు. ఇలా జరిగితే పొట్టేళ్ల వృషణాలకు పట్టే బ్రూసెల్లా ఓవిస్ అనే బ్యాక్టీరియాని అనుమానించాల్సిందే. మేం దానికి వాడింది రెవ్-1 టీకా. అసలు ఇది మనుషులకూ సోకే బ్రూసెల్లా మెలిటెన్సిస్ అనే మరో బ్యాక్టీరియా కోసం 1950లలో తయారైన టీకా, అయినా ఓవిస్ నుంచి కూడా బాగానే కాపాడుతుంది.

నాకు బాగా నచ్చింది కంట్లో చుక్క వేసే పద్ధతి. 3 నుంచి 6 నెలల పొట్టేలు పిల్లలకు వేయాలి. ఒకరు గడ్డం కింద పట్టుకుని తల పక్కకు వంచితే, డాక్టరు కింది రెప్ప లాగి చుక్క వదులుతారు, పిల్ల రెండుసార్లు కళ్లార్పేలోపు పని అయిపోతుంది. సూదితో వేస్తే రక్తంలో యాంటీబాడీలు చాలాకాలం ఉండిపోతాయి, చుక్కతో అయితే తొందరగా తగ్గుతాయి. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఆ యాంటీబాడీల వల్ల టీకా వేసిన జీవం రక్తపరీక్షలో మెలిటెన్సిస్ ఉన్నట్టే తేలొచ్చు, ఆ జబ్బును వదిలించుకున్న దేశాలు రెవ్-1ని వేయనివ్వకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇక జాగ్రత్తలు. ఇది బతికున్న బ్యాక్టీరియా. చూడి గొర్రెలకు పడితే ఈసుకుపోతాయి, అంటే గర్భం పోతుంది. వేసేవాళ్లకు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, పొరపాటున కంట్లో చిందితే వెంటనే ఆసుపత్రికి వెళ్లి రెవ్-1 అని పేరు చెప్పాలి, దీనిమీద స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేయదు మరి. వేసేదాకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి.

జబ్బు తగిలిన పొట్టేలును మాత్రం ఈ టీకా నయం చేయదు, దాన్ని మందలోంచి తీసేయాల్సిందే. వెనక నిలబడి వృషణాలను కింది కొస దాకా తడిమి చూడండి, రెండువైపులా ఒకేలా ఉండాలి, ఒకవైపు కొస ఉబ్బి గట్టిగా తగిలితే డాక్టరుకు చెప్పండి. చేతికి ఏమీ తగలకుండానే జబ్బు మోసే పొట్టేళ్లు చాలా ఉంటాయి కాబట్టి రక్తపరీక్ష కూడా కావాలి. జబ్బు పొట్టేలు దాటిన గొర్రెనే మంచి పొట్టేలు వెంటనే దాటితే దానికీ అంటుకుంటుంది, దొడ్డిలో పొట్టేళ్లు ఒకదానిమీదొకటి ఎక్కినా అంతే.

అందుకే జబ్బు ఎక్కువగా తిరిగే చోట, పెద్ద మందలున్నవాళ్లకు, అనుమతి ఉంటే ఈ టీకా వేయించమనే చెబుతాను. మంద చిన్నదై, కొత్త పొట్టేలును పరీక్ష చేయించాకే కలిపే అలవాటున్నవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు.