హార్బెత్ పీ3ఈఎస్ఆర్, కెఫ్ ఎల్ఎస్50: ఏళ్ల తరబడి విన్నాక

హార్బెత్ పీ3ఈఎస్ఆర్ స్పీకర్లు కొని తొమ్మిదేళ్లయింది, కెఫ్ ఎల్ఎస్50 కొని ఆరేళ్లు. ఒకే స్టాండ్లు, ఒకే గది. కొన్నాళ్లు ఇవి, కొన్నాళ్లు అవి పెట్టుకుని వింటున్నాను.

రెండింటికీ మూలపురుషుడు ఒకటే, బీబీసీ ఎల్ఎస్3/5ఏ. స్టూడియో బయట ప్రసారాలు చేసే వ్యాన్ల ఇరుకులో పనికొచ్చేలా 1970లలో బీబీసీ ఇంజినీర్లు తయారుచేసిన బుల్లి స్పీకర్ అది. హార్బెత్ కంపెనీని 1977లో మొదలుపెట్టిన డడ్లీ హార్వుడ్ బీబీసీ పరిశోధన విభాగం మనిషే. ఇక ఆ పాత స్పీకర్‌లోని ట్వీటర్ (పై స్వరాలు పలికేది), వూఫర్ (కింది స్వరాలు పలికేది) కెఫ్ తయారీవి. కెఫ్ తన 50 ఏళ్ల గుర్తుగా 2012లో తెచ్చిన ఎల్ఎస్50కి స్ఫూర్తి కూడా అదే. ఇంత దగ్గరి చుట్టాలైనా పలుకు మాత్రం వేరు.

నేను స్పీకర్‌ని ముందు మాటతోనే పరీక్షిస్తాను. మంచి తెలుగు ఉచ్చారణ ఉన్నవాళ్లు చదివిన రికార్డింగ్ ఒకటి పెడతాను. శ, ష, స మూడూ వేరువేరుగా వినబడాలి, అలాగని ఏదీ చెవిలో గుచ్చుకోకూడదు. హార్బెత్‌లో మూడూ విడివిడిగా, మెత్తగా వస్తాయి. వాక్యం మొదలుపెట్టే ముందు పెదవులు విడివడిన చిన్న చప్పుడు కూడా తెలుస్తుంది. ఎదురుగా కూర్చుని ఎవరో చెబుతున్నట్టే ఉంటుంది. నాకు ఇంతకంటే పెద్ద సుగుణం లేదు. కెఫ్‌లోనూ స్పష్టత ఉంది కానీ 'స' కాస్త పదునుగా పలుకుతుంది. రికార్డింగ్ బాగోకపోతే దాన్ని దాచిపెట్టదు.

కెఫ్ బలం వేరే చోట ఉంది. ట్వీటర్‌ని వూఫర్ మధ్యలోనే అమర్చడం వల్ల శబ్దమంతా ఒకే బిందువు నుంచి వచ్చినట్టుంటుంది. వయోలిన్లు ఎక్కడ, చెల్లో ఎక్కడ అని వేలితో చూపించవచ్చు. కుర్చీలో కాస్త పక్కకి ఒరిగినా ఆ బొమ్మ చెదరదు. ఆర్కెస్ట్రా వినాలనిపించిన రోజు నా చెయ్యి దీని మీదకే పోతుంది.

బేస్ విషయంలో రెండూ చిన్న పెట్టెలే, అద్భుతాలు ఆశించకండి. హార్బెత్ పూర్తిగా మూసిన పెట్టె కాబట్టి కింది స్వరాలు మెల్లగా తగ్గిపోతాయి. కెఫ్‌కి వెనక పోర్ట్, అంటే గాలి వచ్చిపోయే రంధ్రం, ఉంది. మొదట్లో గోడకి జానెడు దూరంలో పెట్టాను, మగగొంతు కుండలోంచి వస్తున్నట్టుండేది. రెండడుగులు ముందుకి జరిపాక గొంతు గొంతులా వచ్చింది.

ఆంప్లిఫయర్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే లెక్క, హార్బెత్‌కి 83.5 డెసిబెల్స్, కెఫ్‌కి 85. అంటే రెండూ వాట్లు బాగా తాగుతాయి. నా పాత 20 వాట్ల ఆంప్‌తో సంగీతం ఉద్ధృతమైనప్పుడల్లా శబ్దం గరగరలాడేది. తప్పు స్పీకర్లదేమో అనుకుని చాలా రోజులు టెన్షన్ పడ్డాను. 60 వాట్ల ఆంప్ పెట్టాక ఆ గరగర పోయింది.

ఒక్కటే కొనుక్కోవాలంటే, పాటలూ ప్రసంగాలూ ఎక్కువగా వినేవాళ్లకి హార్బెత్ చెబుతాను. వాద్యసంగీతం ఎక్కువైతే, గోడకి దూరంగా పెట్టే చోటుంటే కెఫ్. నా స్టాండ్ల మీద ఏడాదిలో ఎనిమిది నెలలు హార్బెతే ఉంటోంది.