పాత రీలు కెమెరా: అంతా బాగుంది, ఆ స్పాంజి తప్ప

ఈ కెమెరా గురించి ఇదివరకు రాసినప్పుడు, బ్యాటరీ లేకుండా నడిచే షట్టర్‌ను మెచ్చుకున్న మాట చాలావరకు అట్లే ఉంది. బటన్ సెల్లులు రెండూ తీసేసినా చచ్చేది వెలుతురు కొలిచే మీటర్ ఒక్కటే. కడప ఎండకు మీటర్‌తో పనేముంది? 200 స్పీడు రీలుకి లెన్స్ రంధ్రం ఎఫ్/16, షట్టర్ 1/250 సెకను. గండికోటలో పెన్నా లోయ అంచున ఎర్రబండలన్నీ ఈ లెక్కతోనే తీసినవి. నీడలు మరీ నల్లబడుతుంటే 1/125కి దింపొచ్చు, కలర్ నెగెటివ్ ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు, ఎక్కువైనా తట్టుకుంటుంది.

కోపమంతా వెలుతురు దూరకుండా వెనక తలుపు గాడుల్లో పెట్టే నల్ల స్పాంజి మీద. కంపెనీని తిట్టి లాభం లేదు. 1970ల్లో, 80ల్లో వచ్చిన జపాన్ ఎస్సెల్లార్లలో (లోపల అద్దం ఉండి లెన్స్ గుండానే చూపించే కెమెరాలు) చాలావాటికి ఇదే జబ్బు. అది పాలియురేతేన్. తేమకూ వేడికీ ఏళ్ళ తరబడి చివికి, వేలికంటుకునే తారులా మారుతుంది, ఆపైన పొడిపొడిగా రాలుతుంది. మే నెలలో బండి డిక్కీలో పెట్టి తిప్పితే ఇంకా తొందరగా.

సంగతి బయటపడేది రీలు కడిగించాకే. ఈ కెమెరా వాడుతున్న నాలుగో వేసవిలో కడిగి వచ్చిన రీల్లో తొమ్మిదో ఫోటో నుంచి కింది అంచున నారింజ చార. ల్యాబు తప్పేమో అనిపిస్తుంది గానీ, నెగెటివ్‌ను కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే లెక్క తేలుతుంది. చార ఫోటో అంచు దాటి రీలు అంచున ఉండే పళ్ళ రంధ్రాల దాకా పాకిందంటే వెలుతురు దూరింది తలుపు సందులోంచి. ఫోటో లోపలే ఆగిందంటే షట్టర్ తెరనో లెన్స్ బిగించే మౌంటునో అనుమానించాలి. రంగు కూడా సాక్ష్యమే. కలర్ రీల్లో ఎరుపును పట్టే పొర అన్నిటికంటే అడుగున ఉంటుంది. వెనకనుంచి వచ్చిన వెలుతురు మొదట తాకేది దాన్నే. ఫోటో తీసి రీలు తిప్పాక కెమెరా గంటసేపు ఎండలో మెడకు వేలాడిందా, అక్కడ ఆగిన ఫ్రేముకే చార దట్టంగా పడుతుంది.

అసలు మెలిక వేరే. లెన్స్ బొమ్మను తలకిందులు చేస్తుంది కదా, ఫోటోలో కింద చార పడితే చెడింది పై గాడి. ఈ ముక్క మరిచి కింది గాడికి టేపు వేస్తే ఒక రీలు దండగ. దండగైంది కూడా.

బాగుచేయడం ఒక మధ్యాహ్నం పని. ముందు షట్టర్ మీద కాగితం కప్పి అంచులు అంటించాలి, తారు ముక్క తెరల మీద పడితే పోయినట్టే. కెమెరాను బోర్లా పట్టుకుని, చీపురు ఈనెతో గాడిని గీకాలి. స్క్రూడ్రైవర్ వద్దు, పెయింటు లేస్తుంది. మిగిలిన జిగురుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవి పుల్లలు పది పదిహేను. స్పాంజి బదులు నల్ల ఉన్ని దారం, రెండు మిల్లీమీటర్ల లావుది, కడప వైవీ స్ట్రీట్‌లో ఒక ఉండ కొంటే జీవితాంతం సరిపోతుంది. గాడిలో ఈనెతో అదిమి, రెండు కొసల్లో చుక్క రబ్బరు గమ్ము. కీలు దగ్గర ఉన్ని ఆగదు, నల్ల వెల్వెట్ పట్టీ కావాలి. లావైతే తలుపు గొళ్ళెం పడదు. అద్దం కొట్టుకునేచోట మాత్రం పల్చటి స్పాంజే వేయాలి, మందమైతే అద్దం పూర్తిగా పైకి లేవదు.

ఉన్ని భేష్ అని ఇదివరకటి రాతలో అన్న మాటకు రోంత సవరణ. నూగు రాలుతుంది. ఫ్రేము అంచున వెంట్రుకలాంటి నీడ పడుతుంది, రీలు మార్చినప్పుడల్లా గాలి బ్లోయర్ కొట్టాల్సిందే. షట్టర్‌ను మెచ్చుకున్నదీ ఎక్కువ వేగాల వరకే: 1/60 పైన కడిగిన ముత్యం, సెకను, అర సెకను మాత్రం గ్రీజు ఎండి ఈడుస్తున్నాయి.

ఏడాదికి నాలుగైదు రీళ్ళు, అవీ కొరియర్‌లో పంపి కడిగించుకునే వాడకానికి ఇది చాలు. నెలకొక రీలు తీసేవాళ్ళు, ముఖ్యంగా పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు, దీని మీదే ఆధారపడొద్దు. పాతది కొనేటప్పుడు తలుపు తెరిచి గాడిలో గోరు పెట్టి చూడండి. నల్లగా అంటుకుంటే బేరం అక్కడినుంచి మొదలుపెట్టొచ్చు.