తెరచాప నంబర్లు ఒకే ముక్కగా కోసినవే కొనండి

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ దగ్గర తెరచాపలు కుట్టే ఒక చిన్న వర్క్‌షాప్‌లో మా 31 అడుగుల పడవకి, దూరం నుంచి ఏ పడవో గుర్తుపట్టేలా చాప మీద అంటించే నంబర్లు చేయించాం. పెట్టిన డబ్బుకి తగ్గ పనే, కానీ ఆర్డర్ పెట్టే ముందు కొన్ని చూసుకోవాలి.

అన్నిటికన్నా ముందు అంకెలు. చిన్న రేసింగ్ పడవలకి దొరికే కిట్లలో అన్నీ 8 ఆకారంలోనే ఉంటాయి, అక్కర్లేని పట్టీలు కత్తిరించేసి మనకి కావలసిన అంకె చేసుకోవాలి. హుస్సేన్‌సాగర్‌లో రేసుకైతే అది చాలు, రెస్క్యూ బోటు పక్కనే తిరుగుతుంటుంది. సముద్రంలో అలా కాదు, గాలికి చాప టపటపా కొట్టుకుని అంచు లేచి ఒక్క పట్టీ ఊడిందంటే 8 కాస్తా 6 అయి కూర్చుంటుంది, హెలికాప్టర్‌లోంచి చూసేవాళ్లు దాన్నే రేడియోలో చెప్తారు, వెతుకుతున్న పడవ ఇది కాదనుకునే ప్రమాదం ఉంది. ఈ వర్క్‌షాప్‌లో ప్రతి అంకెనీ ఒకే ముక్కగా కోసి ఇస్తారు. మా సైజు పడవకి రేసు నియమాల ప్రకారం కనీసం 375 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి, సరిగ్గా అలాగే ఉన్నాయి. వెనక జిగురున్న పాలిస్టర్ గుడ్డ, వినైల్ కన్నా ఖరీదే, కానీ చాప మడతపెట్టిన చోట పగలదు.

ఇంకోటి, ఎండ వెనక నుంచి పడితే అటువైపు అంకెలు ఇటు కనిపిస్తాయి. రెండు వైపులా ఒకే ఎత్తులో అంటిస్తే గజిబిజే. అందుకే కుడివైపువి పైన, ఎడమవైపువి కింద. అక్కడ పనిచేసే ఆవిడ మేం అడక్కుండానే చాప నేల మీద పరిచి పెన్సిల్ గీతలు గీసి మరీ అంటించారు.

తుఫాను గాలికి మెయిన్ చాప దించేస్తే నంబరు కూడా మడతల్లోకి పోతుంది. నంబరున్న చాప ఏదీ ఎత్తి లేనప్పుడు మరో రకంగా చూపించాలని ఆఫ్‌షోర్ రేసుల భద్రతా నియమాల్లోనే ఉంది. రేసుకి వెళ్లనివాళ్లు కూడా ఇది పాటించాలని నా గట్టి అభిప్రాయం. అందుకే ఆరెంజ్ రంగు స్టార్మ్ జిబ్ (తుఫాను గాలిలో ముందువైపు ఎత్తే చిన్న చాప) మీద, పడవ నడిపేవాళ్లు కూర్చునే కాక్‌పిట్ పక్కన కట్టే కాన్వాస్ మీద కూడా అదే నంబరు వేయించాం. కోపం వచ్చింది ఇక్కడే. నేవీ బ్లూ కాన్వాస్ మీద నల్ల అంకెలు కుట్టి పంపారు! జెట్టీ మీద నిలబడి చూస్తేనే కనపడనివి అలల్లో ఎవరికి కనపడతాయి? తిరిగి పంపితే తెల్లవి కుట్టి ఇచ్చారు, అదనంగా ఏమీ అడగలేదు గానీ ఈలోగా మంచి సీజన్ కాస్తా గడిచిపోయింది.

నంబర్లు వచ్చాక ఒక పని మర్చిపోకండి. ఎపర్బ్ (ఆపదలో సాయం కోరే రేడియో పరికరం) నొక్కితే 406 మెగాహెర్ట్జ్ సిగ్నల్ శాటిలైట్‌కి వెళ్తుంది, అది ఏ పడవదో ఆ పరికరం రిజిస్ట్రేషన్ చూసే తెలుసుకుంటారు. బ్రిటన్‌లో ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, పైసా ఖర్చు లేదు. చాప నంబరు, పడవ రంగు అందులో ఇవ్వండి, ప్రయాణం వివరాలు కోస్ట్‌గార్డ్‌కి తెలిసేలా పెట్టుకునే సేఫ్‌ట్రాక్స్ యాప్‌లో ఇచ్చిన పడవ వివరాలు కూడా మార్చండి.

ఈ షాపుకే మళ్లీ వెళ్తాను. మీరు ఆర్డర్ పెడితే మాత్రం కాన్వాస్ రంగు, అంకెల రంగు రెండూ రాసిచ్చి, ముందు ఫోటో తెప్పించుకుని చూశాకే కుట్టమనండి.