కేబుల్ నెట్టా, ఫోన్ లైన్ నెట్టా?

ఇంటికి నెట్ పెట్టించుకునేటప్పుడు అందరూ ప్లాన్ మీద రాసిన స్పీడే చూస్తారు, కానీ అసలు తేడా ఇంట్లోకి వచ్చే తీగలో ఉంటుంది.

ఫోన్ లైన్ మీద కంపెనీ ఇచ్చే నెట్‌ను డీఎస్ఎల్ అంటారు, అది వచ్చేది మాటల కోసం వేసిన సన్నటి రాగి తీగల జత మీద. ఆ జత మీ ఒక్కరిదే, పక్కింటివాళ్లతో పంచుకోనక్కర్లేదు. చిక్కంతా దూరంతోనే. డీఎస్ఎల్‌లో ఒక రకమైన ఏడీఎస్ఎల్2+ కాగితం మీద 24 ఎంబీపీఎస్ ఇస్తుంది, అదీ ఫోన్ ఎక్స్ఛేంజ్ దగ్గర్లో ఉంటేనే, నాలుగైదు కిలోమీటర్లు దాటితే అందులో నాలుగో వంతు వచ్చినా గొప్పే. పాత జాయింట్‌లో తడి చేరిందంటే లైన్ మాటిమాటికీ తెగిపోతుంది.

కేబుల్ వాళ్లది టీవీ కోసం వేసిన లావుపాటి కోయాక్సియల్ తీగ కాబట్టి మోసే సత్తా చాలా ఎక్కువ. కేబుల్ మీద నెట్ పంపే పద్ధతి డాక్సిస్, 2006లో వచ్చిన దాని 3.0 రకం తీగలోని కొన్ని డేటా ఛానెళ్లను కలిపి వాడుకోనిచ్చింది, దాంతో డౌన్‌లోడ్‌లో మామూలు డీఎస్ఎల్ వెనకబడిపోయింది. అయితే ఆ సామర్థ్యాన్ని వీధి మొత్తం పంచుకోవాలి, రాత్రి అందరూ వీడియోలు పెట్టేసరికి మీ స్పీడ్ పడిపోతుంది. అప్‌లోడ్ కూడా డౌన్‌లోడ్‌తో పోలిస్తే బాగా తక్కువ.

నన్నడిగితే కేబులే మేలు. ఎక్స్ఛేంజ్ పక్కనే ఇల్లుండి, వీడియో కాల్స్ మధ్యలో ఆగకపోతే చాలనుకునేవాళ్లకు మాత్రం ఫోన్ లైనే సుఖం. ఫోన్ కంపెనీ ఇంటిదాకా ఫైబర్ లాగిందా, ఇక ఆలోచించకండి, అదే తీసుకోండి.