ఆర్‌ఓ ఫిల్టరు: విశాఖ నీళ్ళకు ఎంత అవసరం, ప్రకటన చెప్పినంత అవసరమా?

లాసన్స్ బే కాలనీలోని మా ఫ్లాటులోనూ, సీతమ్మధారలోని మా అక్క ఇంట్లోనూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఆర్‌ఓ (రివర్స్ ఆస్మోసిస్, అంటే సన్నటి పొర గుండా నీటిని ఒత్తిడితో నెట్టి లవణాలను వేరుచేసే) ఫిల్టరు ఉంది. రెండిళ్ళలోనూ ఏడాదికి పైగా వాడుతున్నాం. మా ఇంట్లో దాని విలువ ఒకటి, అక్క ఇంట్లో మరొకటి. ఆ తేడాకు కారణం యంత్రంలో లేదు; ఇంటికి వచ్చే నీళ్ళలోనూ, టీవీ ప్రకటన కలిగించిన నమ్మకంలోనూ ఉంది.

మా అపార్ట్‌మెంటుకు బోరు నీళ్ళే ఆధారం. సముద్రం దగ్గర కావడంతో అవి ఉప్పగా ఉంటాయి. మీటరు పెడితే టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల వంటి పదార్థాల మొత్తం, లీటరుకు 900 మిల్లీగ్రాములు దాటుతుంది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్ణయించిన ఆమోదయోగ్య పరిమితి 500. ఫిల్టరు నుంచి వచ్చే నీళ్ళలో అది 100 లోపే ఉంటోంది. కందిపప్పు తొందరగా ఉడుకుతోంది, టీ గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం తగ్గింది. సర్వీసు కుర్రాడు ఫోన్ చేసిన మర్నాడే వస్తాడు, పని శుభ్రంగా చేస్తాడు. ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఖర్చు మాత్రం ఎక్కువే. అయినా మాలాంటి ఇళ్ళకు ఈ యంత్రాన్ని నిస్సందేహంగా సిఫారసు చేస్తాను.

అక్క వాళ్ళకు కార్పొరేషన్ కుళాయి ఉంది. రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ వంటి జలాశయాల నుంచి నగరానికి వచ్చే నీటిలో లవణాలు సహజంగానే తక్కువ. ఆమె వంటింట్లో మీటరు 200 కూడా చూపలేదు. అలాంటి నీటిలో జాగ్రత్త పడవలసింది సూక్ష్మక్రిముల విషయంలో. అందుకు మరిగించుకోవడమో, మట్టిని ఆపే ఫిల్టరుతో కూడిన యూవీ (అతినీలలోహిత కాంతితో క్రిములను చంపే) యంత్రమో సరిపోతుంది. ఆర్‌ఓ యంత్రమైతే ఒక లీటరు మంచినీళ్ళకు దాదాపు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే ఊరిలో ఇది చిన్న విషయం కాదు. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే ఆదేశించింది.

మరి అక్క ఎందుకు కొన్నది? టీవీ ప్రకటనలో ఒక తల్లి, చేతిలో గ్లాసుతో ఒక బిడ్డ, ఆ గ్లాసులో కదిలే పురుగులు. వెంటనే టీడీఎస్ అంకె. క్రిములకూ టీడీఎస్‌కూ సంబంధం లేదు, ఆ మీటరు క్రిములను కొలవదు. అయినా రెండింటినీ పక్కపక్కన పదేపదే చూపడం వల్ల అవి ఒకటేనన్న భావన స్థిరపడుతుంది. ఒక వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ వింటే, అది అబద్ధమైనా సరే, మరింత నిజమనిపిస్తుందని అమెరికాలో మనస్తత్వ పరిశోధకులు హ్యాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో 1977లో విద్యార్థులపై జరిపిన ప్రయోగంలోనే తేలింది.

ప్రకటన ఒక్కటే కొనిపించలేదు. పక్కింటి పిన్నిగారు "పిల్లలున్న ఇల్లు కదమ్మా, పెట్టించుకో" అన్న తర్వాతే అక్క ఫోన్ చేసింది. మాధ్యమాల మాట చాలామందికి నేరుగా కాక, తాము నమ్మే మనుషుల ద్వారా చేరుతుందని సమాజశాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం 1940 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ఓటర్లను పరిశీలించి గుర్తించింది. సీతమ్మధార మెట్ల మీద జరిగిందీ అదే.

ఆ తర్వాత డెమో. వచ్చిన వ్యక్తి కుళాయి నీళ్ళు ఒక గ్లాసులో, ఫిల్టరు నీళ్ళు మరో గ్లాసులో పోసి, కరెంటు కడ్డీలు ముంచాడు. కుళాయి నీళ్ళు కాసేపటికే తుప్పు రంగుకు తిరిగి తెట్టు కట్టాయి, ఫిల్టరు నీళ్ళు తేటగానే నిలిచాయి. ఆ మురికి నీళ్ళలోది కాదు, ఇనుప కడ్డీ కరిగి వచ్చినది. కుళాయి నీటిలోని లవణాల వల్ల కరెంటు ప్రవహిస్తుంది, ఫిల్టరు నీటిలో అవి చాలా తక్కువ కాబట్టి ప్రవాహం దాదాపు ఉండదు. కళ్ళెదుట కనిపించిన దానిని కాదనడం ఎవరికైనా కష్టం. నాకు బాధ కలిగించేది ఆ తర్వాతి మార్పు: మా అక్క పిల్లలు ఇప్పుడు బంధువుల ఇంట కూర్చోగానే తెచ్చి ఇచ్చే మంచినీళ్ళు ముట్టరు. ఇంటికి వచ్చినవారికి ముందు నీళ్ళిచ్చే మన మర్యాదను అనుమానించడం వాళ్ళకు ఎవరూ పాఠంగా చెప్పలేదు.

తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఇంట్లో నాలుగు గోడల మధ్య జరిగే డెమోను మాత్రం మనమే గమనించుకోవాలి.

మాలాగా ఉప్పటి బోరు నీళ్ళవారు నిశ్చింతగా ఈ యంత్రాన్ని కొనవచ్చు. కుళాయి నీళ్ళవారు ముందు టీడీఎస్ కొలిపించుకొని, 500 లోపు ఉంటే యూవీ మోడల్ అడగండి. డెమోకు వచ్చినవారు కడ్డీలు బయటికి తీస్తే, ఫిల్టరు నీళ్ళలో కూడా చిటికెడు ఉప్పు వేసి అదే పరీక్ష మళ్ళీ చేయమనండి.