మెకాంగ్ మీద రెండు రోజుల బోటు: హువాయ్ సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్ దాకా

నలభై అయిదు రోజులు, నాలుగు దేశాలు, భుజాన చెరో బ్యాగు. థాయిలాండ్‌లో మొదలుపెట్టి లావోస్, వియత్నాం మీదుగా కంబోడియా చేరి, అక్కడి నుంచి ఇంటికి వచ్చాం. వచ్చిన దగ్గర నుంచి అందరూ అంగ్‌కోర్ వాట్ ఎలా ఉంది, హాలాంగ్ బే ఎలా ఉంది అని అడుగుతున్నారు. వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు రాయాలనిపించింది మాత్రం లావోస్‌లో మేమెక్కిన స్లో బోటు గురించి. సుమారు 300 కిలోమీటర్ల దూరం. రెండు పగళ్ళు నది మీద, మధ్యలో ఒక రాత్రి పాక్‌బెంగ్ అనే ఊళ్ళో.

పట్టుబట్టి ఎక్కించింది నేనే. మాది రాజమండ్రి. నది పక్కన పెరిగినదాన్ని, ఇంకో పెద్ద నదిని బస్సు కిటికీలోంచి చూసి వచ్చేయడానికి నాకు మనసొప్పలేదు. మా ఆయన ఒప్పుకోవడానికే వారం పట్టింది. పెళ్ళయిన కొత్తలో ఇద్దరం పాపికొండలు వెళ్ళొచ్చాం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగాక ఆయన మళ్ళీ నది మీద బోటెక్కలేదు. నేను బలవంతపెట్టనూ లేదు. ఇదే దారిలో స్పీడ్ బోట్లు కూడా తిరుగుతాయి. ఒక్క రోజులో చేరుస్తాయి కానీ, హెల్మెట్ పెట్టుకుని బండరాళ్ళ మధ్య దూసుకెళ్ళే ప్రయాణం అది. అది వద్దని ఇద్దరం మొదటే అనుకున్నాం.

ముందు టికెట్ సంగతి. మేం థాయిలాండ్‌లోని చియాంగ్ రాయ్‌లో ఒక ఏజెంట్ దగ్గర ప్యాకేజీ కొన్నాం. వ్యాను, బోటు టికెట్, "రిజర్వ్ చేసిన సీటు" అన్నీ కలిపి అన్నాడు. రేవు దగ్గర కొన్నవాళ్ళకంటే దాదాపు రెట్టింపు కట్టామని బోటెక్కాక తెలిసింది. రిజర్వేషనంటే ఒక చిన్న కాగితం మీద రాసిన నంబరు. బోటులో ఆ నంబరు ఎవరూ చూడలేదు. మీరు అలా మోసపోకండి. ముందురోజే థాయ్ గట్టున చియాంగ్ ఖోంగ్‌లో గానీ, నది దాటి లావోస్ వైపు, బోటు బయల్దేరే హువాయ్ సాయ్‌లో గానీ పడుకోండి. పొద్దున్నే రేవుకెళ్ళి టికెట్ మీరే కొనుక్కోవచ్చు. రెండు ఊళ్ళ మధ్య 2013లో తెరిచిన నాలుగో థాయ్-లావ్ స్నేహ వంతెన ఉంది. దాని మీద నడవనివ్వరు, షటిల్ బస్సు ఎక్కాలి. లావోస్ వీసా అవతలి గట్టున మాకు అక్కడికక్కడే ఇచ్చారు. డాలర్లు మడతలు, మరకలు లేకుండా ఉంచుకోండి. మా ముందున్నాయన నోటు అంచు చిరిగిందని వెనక్కిచ్చేశారు.

బోటు పొడుగ్గా, సన్నగా, చెక్కతో చేసినది. ముందు భాగంలో సరంగు, వెనక ఇంజను. ఇంజను వెనకాలే సరంగు కుటుంబం కాపురం: పొయ్యి, పరుపు, తాడు మీద ఆరేసిన చంటిపిల్ల బట్టలు. మనం కూర్చునేవి పాత వ్యాన్లలోంచి ఊడదీసిన సీట్లు. చాలావాటిని నేలకు బిగించలేదు, ఊరికే వరసగా పెట్టారు. వెనక్కి వాలితే సీటే కదులుతుంది. ఈ ప్రయాణంలో సుఖమంతా మీరెక్కడ కూర్చున్నారన్న దాని మీదే ఉంటుంది. ఇంజను దగ్గర పడ్డారా, రెండు రోజులు పక్కవాళ్ళ మాట వినపడదు, డీజిల్ వాసన తలకెక్కుతుంది. గంట ముందు వెళ్ళి ముందు సగంలో చోటు పట్టుకోండి. టాయిలెట్ వెనకే ఉంటుంది కాబట్టి నడవక తప్పదు, పర్వాలేదు. మేం వెళ్ళింది జనవరిలో, సంక్రాంతి అయ్యాక. పొద్దున పది దాకా మంచు, చలిగాలి. బ్యాగులన్నీ బోటు అడుగున పెట్టేస్తారు కాబట్టి శాలువా, మంచినీళ్ళు, మందులు చేతి సంచిలో ఉంచుకోండి.

లైఫ్ జాకెట్లు పైకప్పు కింద దోపి ఉన్నాయి. వేసుకోమని ఎవరూ చెప్పలేదు. ఈ విషయంలో నాకు గట్టి ఫిర్యాదే ఉంది. మేం అడిగి రెండు దింపించుకున్నాం. మమ్మల్ని చూసి ఇంకో నలుగురు అడిగారు. బోటు కదిలే ముందు అమ్మ ఫోన్ చేసి, "ఇద్దరూ వేసుకున్నారా? ఫోటో పెట్టు, అప్పుడే నమ్ముతాను" అంది. ఫోటో తీసేలోపు సిగ్నల్ పోయింది.

తిండి విషయానికొస్తే, బోటులో కప్పు నూడుల్స్, చిప్స్, బీరు తప్ప ఏమీ దొరకవు. రేవు దగ్గర ఖావ్ నియావ్, అంటే ఆవిరి మీద వండిన జిగురన్నం, కొనుక్కుని ఎక్కాం. దాన్ని చేత్తో ముద్ద చేసుకుని తింటారు. మనకది నేర్పక్కర్లేదు. మా అత్తగారు కట్టిచ్చిన కందిపొడి, గోంగూర పచ్చడి థాయిలాండ్‌లోనే సగం అయిపోయినా, మిగిలిన సగం ఇక్కడ మమ్మల్ని కాపాడింది. జిగురన్నంలో కందిపొడి బాగా కలవదు, ముద్దని పొడిలో అద్దుకోవాలి. మా ఆయన శాకాహారి. ఆయన లావ్ భాషలో ముందుగా నేర్చుకున్నవి రెండు మాటలు: "బో సై సీన్", మాంసం వేయొద్దని, "బో సై నామ్ పా", చేపల రసం వేయొద్దని. లువాంగ్ ప్రబాంగ్‌లో నది నాచుకి నువ్వులు అద్ది ఎండబెట్టి వేయించిన కైపెన్ దొరుకుతుంది, అప్పడంలా కరకరలాడుతుంది, తప్పకుండా తినండి. కానీ దాంతో ఇచ్చే జేవ్ బోంగ్ అనే ఎర్ర కారంలో గేదె తోలు ముక్కలుంటాయి. శాకాహారులు అడిగి తీసుకోండి.

పాక్‌బెంగ్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. సాయంత్రం చేరాం. నిటారు గట్టు, చీకట్లో బ్యాగులతో ఎక్కాలి. గది శుభ్రంగా ఉంది, పడుకున్నాం.

ఈ ప్రయాణంలో అసలు విషయం నది. మెకాంగ్‌ని అక్కడివాళ్ళు మే నామ్ ఖోంగ్ అంటారు. మే అంటే అమ్మ, నామ్ అంటే నీళ్ళు. మనం గోదారమ్మ అన్నట్టే. జనవరిలో నీళ్ళు తగ్గి రెండు వైపులా నల్ల బండలు, వాటి మధ్య తెల్లటి ఇసుక తిన్నెలు తేలతాయి. ఆ ఇసుకలో వేరుశనగ, ఆకుకూరలు వేసుకున్నారు, అచ్చం మన లంకల్లోలాగే. రేవంటూ లేని చోట కూడా బోటు ఆగుతుంది. ఇసుక మీద ఒక చెక్క వేస్తారు, ఒకామె బియ్యం బస్తాతో, బుట్టలో కోడిపిల్లలతో దిగి కొండ మీది ఊరివైపు నడిచిపోతుంది. మనం టూరిస్టులమే కానీ, వాళ్ళకిది బస్సు. అది గుర్తుంచుకుని, వాళ్ళ సామానుకి చోటివ్వండి.

మొదటి రోజంతా మా ఆయన లైఫ్ జాకెట్ విప్పకుండా సీటు అంచున కూర్చున్నారు. రెండో రోజు పొద్దున నాకు చెప్పకుండా లేచి, ముందుకెళ్ళి సరంగు వెనక కూర్చున్నారు. మధ్యాహ్నం వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. సరంగు నేరుగా పోవడం లేదట. నీటి మీద ముడతలు చూసి అడుగున బండ ఉందో లేదో కనిపెడుతున్నాడట. వడి ఎక్కువున్న చోటికి ముందే ఇంజను తగ్గించి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వాలుగా తీసుకెళ్తున్నాడట. "ఆయన ఒక్కసారి కూడా నీళ్ళ మీంచి కళ్ళు తిప్పలేదు" అన్నారు. ఆ మాట ఆయన అన్న తీరు నేను మర్చిపోలేను. అయిదేళ్ళకు పైగా మా మధ్య మాటల్లోకి రాని విషయం అది. ఆ పూట సాయంత్రం దాకా పాపికొండల గురించి, కచ్చులూరు గురించి మాట్లాడుకున్నాం. ఫోన్‌లో సిగ్నల్ లేదు, బుక్ చేయాల్సిన బస్సు లేదు, వెతకాల్సిన హోటల్ లేదు. మిగతా ప్రయాణంలో మాకు అలాంటి తీరిక మళ్ళీ దొరకలేదు.

పాక్ ఊ గుహలకు కొంచెం ముందు నది మధ్యలో క్రేన్లు, కాంక్రీటు కనిపించాయి. అది 1,460 మెగావాట్ల లువాంగ్ ప్రబాంగ్ డ్యామ్. ఊరికి సుమారు 25 కిలోమీటర్ల ఎగువన కడుతున్నారు. 1995 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న ఊరు అది. పోలవరం పనులతో దేవీపట్నం వైపు ఊళ్ళు ఖాళీ అవడం చూసినవాళ్ళం కాబట్టి, పొద్దుట్నుంచి దాటివచ్చిన ఇసుక తిన్నెలు, వేరుశనగ మళ్ళు గుర్తొచ్చి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. కరెంటు ఆ దేశానికి అవసరమే కావచ్చు. కానీ వెళ్ళాలని ఉన్నవాళ్ళు వాయిదా వేయకండి. డ్యామ్ దాటాక ఊ నది వచ్చి కలిసే చోట, సున్నపురాతి కొండలో, బుద్ధ విగ్రహాలున్న గుహలు. మా బోటు అక్కడ ఆగలేదు, తర్వాత ఊళ్ళోంచి విడిగా వెళ్ళి చూశాం.

దింపే రేవు ఊళ్ళో కాదు, సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి టుక్‌టుక్‌కి మళ్ళీ డబ్బులు కట్టాలి. టికెట్ అమ్మినవాళ్ళెవరూ ఈ మాట చెప్పలేదు. రెండు రోజులు కూర్చుని నడుం పట్టేసినవాళ్ళకి అది చికాకే. ఇప్పుడు లావోస్‌లో 2021లో మొదలైన రైలుంది, లువాంగ్ ప్రబాంగ్ నుంచి రాజధాని వియంటియాన్‌కి రెండు గంటల్లో వెళ్ళిపోయాం. చాలా సౌకర్యంగా ఉంది. అయినా మళ్ళీ వెళ్తే ఈ బోటే ఎక్కుతాను.

అయిదుకి నాలుగు మార్కులు. ఒక మార్కు పూర్తిగా లైఫ్ జాకెట్లకే కోశాను. నడుం నొప్పి, కీళ్ళ నొప్పులు ఉన్న పెద్దవాళ్ళని మాత్రం తీసుకెళ్ళకండి.

దిగేముందు మా ఆయన సరంగు దగ్గరికెళ్ళి, చేతులు జోడించి "ఖాప్ చాయ్", అంటే థాంక్స్, అన్నారు. ఆయనా జోడించారు. రాత్రి గదిలో వైఫై దొరికాక జాకెట్లు వేసుకున్న ఫోటో అమ్మకి పంపాను. అమ్మ జాకెట్ల గురించి ఏమీ అనలేదు. వెనక కనిపిస్తున్న కొండలు చూసి, "ఇది పేరంటాలపల్లి దగ్గరలా ఉందే" అని రాసింది.