సైలెంట్ ట్యాంకు అంటే నమ్మకుండ్రి, ముందు పైపులు లెక్కపెట్టుండ్రి

హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ దిక్కు ఉప్పునీళ్ల ట్యాంకు (సముద్రపు చేపల అక్వేరియం) చేయించుకోవాలని చూస్తున్న అన్నలు, అక్కలు, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదువుండ్రి. "చప్పుడే రాదు సార్" అని ఒక తయారీదారు నాకు నాలుగు ఫీట్ల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ట్యాంకు, అమ్మిండు. ఓవర్‌ఫ్లో పెట్టె అంటే ట్యాంకు పైనీళ్లు పొర్లిపడే పెట్టె. దాంట్లకెళ్లి నీళ్లు సంపులోకి, అంటే ట్యాంకు కింద పెట్టే చిన్న తొట్టిలోకి, దిగుతయి, అక్కడి పంపు మళ్లీ పైకి పోస్తది. నా ట్యాంకుకు అట్ల దిగే పైపు ఒక్కటే. దానికే బాల్ వాల్వు బిగించి సగం మూసిండు. మూడు హోల్స్ పెట్టుమని ముందే అడిగిన, "గ్లాసు వీక్ అయితది" అని కొట్టిపారేసిండు.

చప్పుడు నిజంగనే తగ్గింది. ప్రమాదం కూడ ఆ వాల్వు దగ్గర్నే ఉన్నది. నీళ్లు, గాలి కలిసి దిగితే గుడగుడ వస్తది. వాల్వు కొంత మూస్తే పైపు నిండా నీళ్లే ఉంటయి, గాలి పోతది, చప్పుడు ఆగుతది. దీన్నే ఫుల్ సైఫన్ అంటరు, పద్ధతి మంచిదే. కానీ అట్ల బిగించిన పైపు పంపు పోసినంతే దించగలుగుతది, అంతకన్నా పెద్దగా ఎక్కువ దించలేదు. నాచు ముక్క అడ్డం పడితే చాలు, దిగుడు తగ్గుతది, పంపు మాత్రం పోస్తనే ఉంటది. మా ఇంట్లో నత్త దూరింది. సంపులో పంపు ఉండే అర ఖాళీ అయ్యేదాక నీళ్లు ట్యాంకు అంచు మీదికెళ్లి హాల్లోకి వచ్చినయి. ప్లైవుడ్ స్టాండు ఉబ్బింది, కింద ఎక్స్‌టెన్షన్ బోర్డు తడిసింది. అమ్మ నీళ్లల్ల కాలు పెట్టకముందే మెయిన్ ఆపింది, లేకుంటే ఏమైతుండెనో తలుచుకుంటే ఇప్పటికీ భయమైతది. ఫోన్ చేస్తే "నా గ్యారంటీ గ్లాసుకే" అన్నడు.

రెండు పైపులుంటే హెర్బీ పద్ధతి: ఒకటి వాల్వుతో ఫుల్ సైఫన్, రెండోది కొంచెం ఎత్తుల ఎమర్జెన్సీకి. మూడుంటే బీన్ యానిమల్: ఒకటి సైఫన్, రెండోదాంట్ల సన్నటి ధార, మూడోది ఎమర్జెన్సీకి పొడిగా. రెండోదానికి సన్నని గాలి ట్యూబు ఉంటది. మట్టం పెరిగి ట్యూబు మూతి మునిగితే గాలి ఆగి ఆ పైపు కూడ సైఫనై నీళ్లు గుంజుతది. నాకైతే ఇదే నచ్చింది. ఎమర్జెన్సీ పైపుకు మాత్రం వాల్వు ఎప్పుడూ పెట్టనియ్యకుండ్రి. సైఫన్‌కు గేట్ వాల్వే అడుగుండ్రి. బాల్ వాల్వు ఇసుమంత తిప్పినా ధార చాలా మారుతది. సైఫన్ పైపు కొస సంపు నీళ్లల్ల అంగుళం లోతే ఉండాలె, ఎక్కువ మునిగితే మొదట్ల గాలి బయటికి పోక సైఫన్ పట్టదు.

మన దగ్గర కరెంటు పోతుంటది కదా, అది ఇంకో లెక్క. పంపు ఆగితే పైన ఉన్న నీళ్లు కొన్ని కిందికి దిగుతయి. నాలుగు ఫీట్ల పొడవు, రెండు ఫీట్ల వెడల్పు ట్యాంకులో మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 7 లీటర్లకు పైనే సంపులోకి వస్తయి. రిటర్న్ పైపు (పంపు నీళ్లను పైకి పోసే పైపు) మూతి లోతుల ఉంటే అది కూడ వెనక్కి గుంజుతది. అందుకే మూతిని నీటిమట్టానికి దగ్గరగా పెట్టాలె. నీళ్లు వెనక్కి రాకుండ ఆపే చెక్ వాల్వు ఉన్నదని ధైర్యం చెప్తరు, ఇసుకో సున్నపు పెంకో పేరుకుంటే అది సరిగ్గా మూసుకోదు.

డబ్బులు పూర్తిగా ఇచ్చే ముందు షాపులనే మంచినీళ్లు పోయించి పంపు నడిపియ్యుండ్రి. నడుస్తుండగనే సైఫన్ వాల్వు మొత్తం మూయుమనుండ్రి, మిగిలిన పైపులతోనే నీళ్లు అంచు దాటకుండ దిగాలె. తర్వాత ప్లగ్గు పీకి సంపు పొంగుతదా చూడుండ్రి. టఫెన్డ్ గ్లాసుకు డ్రిల్ పెడితే పలుగుతది, కాబట్టి హోల్ పడే పలక మామూలు గ్లాసేనా అని ముందే అడుగుండ్రి. హోల్‌లో పైపు బిగించే ట్యాంక్ నిపుల్ రబ్బరు వాషరు నీళ్ల వైపే ఉండాలె.

ఈ పరీక్షకు ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇయ్యకుండ్రి. పైపుల కొలతలతో నేను గీసుకున్న డ్రాయింగ్ ఉన్నది, కావాలంటే అడుగుండ్రి, పంపిస్త.